డూపు నాగసాయి మొహం

భువన మొట్టమొదటి విజయం మేకప్‌మేన్ వీరరాఘవయ్య బొమ్మ. నాలుగంగుళాల ఎత్తు, చేతిలో అగ్గిపెట్టెలో సగమంత మేకప్ పెట్టె, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పదకొండు తలలు పాడయ్యాక పన్నెండోది నిలిచింది. మొదటి నాలుగూ ఓవెన్‌లో మాడిపోయాయి, తర్వాతి మూడూ చెవుల దగ్గర పగిలాయి, మిగిలిన నాలుగూ చూసి వీరరాఘవయ్య ఇవి నావి కావు, మా బావమరిదివి అన్నాడు. పన్నెండోదాన్ని కృష్ణానగర్‌లో టిఫిన్ బండి మీద చట్నీ గిన్నె పక్కన నిలబెడితే, ఆయన భార్య వెనకపక్క నుంచి చూసి, ఈయనేంటి ఇంకా స్టూడియోకి బయల్దేరలేదు అని అడిగిందట. ఆ మాట ఆ సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

భువన ఇంటర్ రెండో ఏడు తప్పిన పిల్ల. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. పాలిమర్ క్లే అనే ప్లాస్టిక్ ముద్దని ఫోన్‌లో వీడియోలు చూసి పిసకడం నేర్చుకుంది. పళ్ళపుల్ల, గుండుసూది, పాత దువ్వెన ముక్క, ఇవే పనిముట్లు. అలాంటిది మాదాపూర్‌లో జరిగిన బొమ్మల పోటీలో రెండో బహుమతి తెచ్చింది. మొదటి బహుమతి ముంబై వాళ్ళకి పోయింది కానీ, వాళ్ళు ఐదుగురు కలిసి చేశారు, ఈమె ఒక్కతే చేసింది. జూబ్లీహిల్స్‌లో ఒక దర్శకుడి బల్ల మీద ఆమె చేసిన బొమ్మ ఉంది. ఫిల్మ్ నగర్‌లో ఇద్దరు నిర్మాతల అద్దాల బీరువాల్లో ఉన్నాయి. సింగపూర్ వెళ్ళాయి, దుబాయ్ వెళ్ళాయి. మనిషి మాత్రం మెహదీపట్నం దాటి ఎక్కడికీ వెళ్ళకుండానే ఇవన్నీ సాధించింది.

అభిమానులు ఎక్కువగా అడిగేది ఒక పెద్ద హీరో బొమ్మ. ఫ్యాక్టరీలో తయారైన బొమ్మ కొని, వేడినీళ్ళలో ముంచి తల ఊడదీసి, ఆ మెడ మీద ఆయన తల చేసి పెట్టడం ఆమె పని. ఒకడు పోలీసు గెటప్ అంటాడు, ఒకడు లుంగీ గెటప్ అంటాడు. మొహం మాత్రం ఒకటే. అక్షరాలా రెండు వందల పన్నెండు సార్లు చేసింది ఆ మొహం. ఫోటో చూసుకోవడం మానేసి ఆరేళ్ళయింది. కూర పొయ్యి మీద ఉడుకుతూ ఉంటే పక్కనే నిలబడి ఆ దవడ తిప్పేసేది.

ఆ హీరోకే డూపు ఆమె భర్త నాగసాయి.

నాగసాయిది రావులపాలెం దగ్గర ఊరు. మూడో అంతస్తు నుంచి దూకడం, మంటల్లోంచి బండి నడపడం, గుర్రం మీద నుంచి పడటం, అన్నీ అతనివే. పేరూ మొహం మాత్రం తెర మీద పడకూడదు. తొమ్మిదేళ్ళలో పద్నాలుగు సినిమాలు చేశాడు. ఒక్క ఎముకైనా విరగని డూపు అని ఫైట్ మాస్టర్లు పిలిచి మరీ పని ఇచ్చేవాళ్ళు. హీరోకి ఏ జుట్టయితే ఆ జుట్టు పెంచేవాడు. ఆయన సన్నబడితే తానూ రాత్రిపూట అన్నం మానేసేవాడు. ఎడమ కనుబొమ్మలో చిన్నప్పటి గాటు ఒకటి ఉంటే, దాన్ని రోజూ పెన్సిల్‌తో పూడ్చుకునేవాడు. ముందుపళ్ళ మధ్య సందు కూడా పూడ్పించుకున్నాడు. కెమెరా నీ పళ్ళు చూడదు కదా అని భువన నవ్వితే, ఎందుకైనా మంచిదనేవాడు. షూటింగుకి వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఆమె ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ సినిమాలో హీరో గెటప్ ఫోటో ఉన్న ఫోన్‌ని గోడకి ఆనించి, ఆమే అతని గెడ్డం కత్తిరించేది. మొహాల సంగతి ఆమెకి తెలిసినంతగా ఏ మంగలికి తెలుసు?

నిరుడు మార్చిలో ఊరి బయట వేసిన ఒక సెట్‌లో అతని నడుముకి కట్టిన తాడు తెగింది. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు.

నాగసాయి తల్లి సత్యలక్ష్మి వాళ్ళతోనే ఉండేది. పదకొండో రోజున, దండ వేసిన ఫోటో ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ కోడలితో ఒక మాట అంది. ఇంట్లో ఇన్ని ఫోటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ నా కొడుకు నా కొడుకులా లేడు. ఊళ్ళో వాళ్ళందరి మొహాలూ చేస్తావు కదమ్మాయ్, వాడిది ఒక్కటి చేసి నా చేతిలో పెట్టు. పెళ్ళి ఫోటో ఉందిగా అంటే, అప్పటికే వాడు ఆ హీరో సినిమా చూసి వచ్చి ఆయనలా మీసం తీశాడు అంది. భువన చేస్తానని మాటిచ్చింది. అది తనకీ కావాలి. అతను పోయిన నెల తిరక్కుండానే, కళ్ళు మూసుకుంటే అతని మొహం సరిగ్గా కనపడటం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సంవత్సరీకం నాటికి బొమ్మ సిద్ధం చేసింది. ఆరంగుళాలు, నడుముకి తాడు కట్టే బెల్టు, వేళ్ళకి ప్లాస్టర్లు, అరిగిన బూట్లు. ఆ బూట్లు చూసి బాలమణి ఏడ్చింది. బాలమణి ఇంటి ఓనరమ్మ, ఒకప్పటి జూనియర్ ఆర్టిస్టు, తొందరపడి ఏడ్చే మనిషి కాదు. భోజనాలయ్యాక భువన బొమ్మని అత్తగారి అరచేతిలో పెట్టింది. సత్యలక్ష్మి అద్దాలు సర్దుకుని, బొమ్మని కిటికీ వైపు తిప్పి, చాలాసేపు చూసింది. ముద్దుగా ఉందన్నట్టు తల ఊపింది.

"ఏ సినిమాలోదమ్మాయ్ ఇది?" అంది.

సత్యలక్ష్మి కోడలి మొహం చూసింది, మళ్ళీ బొమ్మని చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. బొమ్మని పళ్ళెంలో పడుకోబెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచింది. వారం తిరక్కుండా, మోకాళ్ళ నొప్పులకి మేడమెట్లు పడటం లేదని చెప్పి, రావులపాలెంలో కూతురింటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత భువన పదిహేడు తలలు చేసింది. ఆర్డర్లన్నీ పక్కన పెట్టి చేసింది. బొటనవేలు ముద్ద మీద పెడితే చాలు, దవడ ఆ దవడే అయ్యేది, నవ్వు ఆ నవ్వే అయ్యేది. కావాలని వంకర చేస్తే, ఆ హీరోకే దెబ్బ తగిలినట్టుండేది. బాలమణి కాఫీ ఇచ్చి బల్ల మీద వరసగా ఉన్న తలల్ని చూసి, "గీ పదిహేడు గూడ గాయనయే బిడ్డా. అద్దె గట్టకుండ నా ఇంట్ల మకాం పెట్టిండు" అంది.

వీరరాఘవయ్యని పిలిపించింది. నలభై ఏళ్ళు మొహాల మీద పని చేసిన మనిషి, ఎక్కడ తప్పుతోందో ఆయన చెప్పాలి. ఆయన ఒక్కొక్క తలనీ వేలి కొసన నిలబెట్టి చూశాడు. గోడ మీద ఫోటోలు చూశాడు. గెడ్డం కత్తిరించే కత్తెర ఇంకా అద్దం దగ్గరే వేలాడుతోంది, దాన్నీ చూశాడు.

"నీ చెయ్యి ఇప్పుడు తప్పలేదమ్మాయ్," అన్నాడు. "తొమ్మిదేళ్ళు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ మొహమే చేశావు. మట్టి కంటే ముందు వాడి మీదే చేశావు."

కోప్పడి అన్న మాట కాదు. కానీ ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదమ్మా అని, మెట్లు దిగి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే రావులపాలేనికి ఫోన్ చేసింది. క్షమించమని అడగాలనుకుని, చివరికి వేరే అడిగింది. ఆయన ముక్కు అసలు ఎలా ఉండేదత్తయ్యా అంది. తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి అడగవలసిన ప్రశ్నేనా అది. అవతల సత్యలక్ష్మి నెమ్మదిగా మొదలుపెట్టింది. పుట్టినప్పుడు వాడి ముక్కు అణిగిపోయి ఉండేదట. మూణ్ణెల్లపాటు రోజూ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, రెండు వేళ్ళతో ఆ ముక్కుని పైకి ఒత్తేదట. నుదురు అరచేత్తో సాపు చేసేదట, గెడ్డం చిదిమి గుంట పెట్టేదట.

"అంతా కుదిరింది గానీ, ముక్కు కొస కాస్త కుడిపక్కకే ఉండిపోయింది," అంది. "మీ మామయ్యగారు వెక్కిరించేవారు, నీ చెయ్యి తొందర చెయ్యని. ఇప్పటికీ నా వేళ్ళకి తెలుసమ్మాయ్ అది ఎంత పక్కకో."

భువన ఫోన్ పెట్టేసి బల్ల ముందు కూర్చుంది. ఇంకా కాల్చని ఆ పదిహేడు తలల్నీ ఒకచోట చేర్చి పిసికి ఒక్క ముద్ద చేసింది. అందులోంచి కోడిగుడ్డంత తీసుకుని తల ఆకారం మాత్రం చేసింది. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. అలాంటి పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. ముక్కుతో మొదలుపెట్టడమే ఆమె పద్ధతి. ఈ ముద్దకి ఒక సుగుణం ఉంది. నిప్పు చూపించేదాకా గట్టిపడదు, నెలయినా వేలికి లొంగుతుంది. ముక్కు అత్తగారు ఒత్తాలి, నుదురు ఆవిడే సాపు చెయ్యాలి. భువన పక్కన కూర్చుని, ఎక్కడ ఎంత నొక్కారో చూసి నేర్చుకోవాలి. రెండు వందల పన్నెండు సార్లు ఒకే మొహం చేసిన చేతులకి ఇప్పుడు మళ్ళీ మొదటి పాఠం.

ఆ తలని మెత్తటి గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. వేసవి కదా, ఎండకి మెత్తబడకుండా డబ్బా చుట్టూ తడిబట్ట కట్టింది. పొద్దున బస్సుకి బాలమణే వెంట వెళ్ళి ఎక్కించింది. అక్కడ ఎవరింట్లోనైనా ఓవెన్ ఉంటే కాల్చుకుని రారాదా అంటే, తెలియని వేడిలో దాన్ని పెట్టనంది. ఒకసారి మాడితే అత్తగారి చేతి ముద్ర మళ్ళీ రాదు. పచ్చిగానే తెచ్చి, ఇక్కడే కాలుస్తానంది. రెండు వారాలు పడుతుందేమో, అత్తయ్య నన్ను పక్కన కూర్చోనిస్తే, అంది. కిటికీ అద్దం వెనక ఆమె ఒళ్ళో డబ్బా కనిపిస్తూనే బస్సు కదిలింది.

బొమ్మల కోసం వచ్చేవాళ్ళకి బాలమణి గేటు దగ్గరే జవాబు చెబుతోంది. ఏం తెస్తుందో, ఎలాంటి మొహం తెస్తుందో ఆమెకీ తెలియదు. భువన తిరిగొచ్చే తారీఖు మాత్రం గట్టిగా చెబుతుంది: ఏప్రిల్ ఇరవై, సోమవారం.