ఓబులేసు రెండో దమ్ము

జమ్మలమడుగులో ముబారక్ చుట్టల అంగడికి కొత్త సరుకు వస్తే, పెద్దముడియం నుంచి గొర్రెల ఓబులేసు వచ్చి రుచి చూసేదాకా అమ్మకానికి పెట్టరు. ఓబులేసు ముందుగా చుట్టను చెవి దగ్గర పెట్టుకొని వేళ్లతో మెల్లగా నలుపుతాడు. ఆకు గలగలమంటే ఎండెక్కువైందని, చప్పుడే లేకపోతే చెమ్మ ఉందని పక్కన పెడతాడు. తర్వాత వాసన చూసి, కొన కొరికి ఉమ్మేసి, అంటించి, మొదటి దమ్మును ఊరికే వదిలేస్తాడు. రెండో దమ్ము లోపలికి పీల్చి కళ్లు మూసుకుంటాడు. బూడిద రాలకుండా తెల్లగా నిలిస్తే తలాడిస్తాడు.

పోయిన చలికాలం జ్వరం తగ్గాక, ఓబులేసు తన భార్య గంగులమ్మతో ఆసుపత్రి నుంచి వస్తూ అంగడికి వచ్చాడు. అన్నీ ఎప్పటిలాగే చేశాడు. రెండో దమ్ముకు మాత్రం కళ్లు మూయలేదు. ఇంకో దమ్ము లాగాడు, ఆ తర్వాత ఇంకోటి.

"ఏంది మామా, ఎట్లుంది?" అన్నాడు ముబారక్.

"ఏం తెలీడంల్యా అప్పా. జరం నా ముక్కునూ నాలికనూ ఎత్తుకపోయింది." అంటూ ఓబులేసు వదిలిన పొగ గడప దాకా పోయింది.

ఏనాడూ చుట్ట ముట్టని గంగులమ్మ గడప దగ్గరి నుంచే ముఖం చిట్లించింది. "అది సరిగ్గా మాగని పచ్చి ఆకు. ఇట్లాంటిది నువ్వు తాగిన రాత్రి నా గొంతు గరగరమంటాది. పెండ్లయినప్పటి నుంచీ నీ పొగే పీలుస్తాండా, నాకు తెలీదా?"

ఓబులేసు ఆమెను వింతగా చూశాడు. ముబారక్ ఇంకో కట్ట విప్పాడు. ఓబులేసు అందులోంచి ఒక చుట్ట తీసి అంటించి, పొగను మెల్లగా ఆమె వైపు వదిలి, ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాడు.