తలదగ్గర దీపం తీశాక

హైటెక్ సిటీలో అద్దాల భవనాలు ఇంకా లేస్తున్న రోజులు. మా కంపెనీ పని మీద ఇంగ్లండ్ నుంచి ఇద్దరు వచ్చారు, ఒకావిడ, ఒకాయన. వారమంతా హోటల్ బిర్యానీ తిని మొహం మొత్తి, ఇక్కడి ఇళ్లలో ఏం వండుకుంటారో చూడాలన్నారు. సినిమా తీయడం కూడా చూడాలట. నేను మధురానగర్‌లో పుట్టి పెరిగినదాన్నని మా మేనేజర్ ఆ పని నాకే అంటగట్టాడు.

మా చిన్నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. ఫోన్ చేస్తే, "ఐతారం జూబ్లీహిల్స్‌ల షూటింగ్ ఉంది బిడ్డా, తోల్కరా. తిండి ఫికర్ నేను చూసుకుంట" అన్నాడు.

అది బండరాళ్ల మధ్య కట్టిన పాత బంగ్లా. మేం వెళ్లేసరికి హాల్లో చాప మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. తెల్లపంచె, నుదుట గంధం, ముక్కుల్లో దూది, కలిపి కట్టిన బొటనవేళ్లు, తలదగ్గర దీపం. ఇంగ్లండ్ ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"శవం వేషాలకు ఈయననే పిలుస్తరు. కృష్ణానగర్‌ల ఉంటడు. ఊపిరి తీసేది కూడ కానరాదు" అన్నాడు చిన్నాన్న.

కెమెరా తిరగ్గానే చుట్టూ కూర్చున్నవాళ్లు ఏడుపు అందుకున్నారు. మెట్ల మీద మాత్రం నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆమె ఏడవడం లేదు. పొద్దెక్కినా నిద్రలేవని మనిషిని చూసినట్టు ఆయన్నే చూస్తోంది. ఆవిడా నటే అనుకున్నాను.

కట్ చెప్పారు. ఎవరో దీపం తీసి పక్కన పెట్టారు. ముసలాయన దూది పీకేసుకుని లేచి కూర్చుని, బొటనవేళ్ల కట్టు విప్పుకున్నాడు. ఆవిడ మెల్లగా మెట్లు దిగి ఆయన దగ్గరికొచ్చింది.

"లేచారా? రండి, అన్నం చల్లారిపోతోంది."

వాచ్‌మన్ చిన్నాన్న చెవిలో ఏదో చెప్పాడు. చిన్నాన్న గబగబా వచ్చి నన్ను పక్కకు లాగాడు. "ఈ ఇల్లు ఆమెదే. గుంటూరు దిక్కోళ్లు. పోయినేడు ఆమె పెనిమిటి సచ్చిపోతే గీడనే పండబెట్టిండ్రట, వాచ్‌మన్ ఇప్పుడే చెప్పిండు. ముందుగాల తెలిస్తే ఈ సీను గీడ పెడుదుమా?"

"నేను బయట తింటనమ్మా" అని ముసలాయన గొణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు, ఆయన మణికట్టు పట్టుకుని లోపలికి నడిపించింది. గుమ్మం దగ్గర మమ్మల్ని చూసి, "చుట్టాల్ని నిలబెట్టారేంటండీ, రండి" అంది.

ముసలాయనను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, అరిటాకుల్లో అందరికీ తనే వడ్డించింది. ముద్దపప్పు, గోంగూర, ఉలవచారు. ముందు ఏది కలుపుకోవాలో, నెయ్యి ఎప్పుడు పోసుకోవాలో నేను అతిథులకు ఇంగ్లీషులో చెబుతున్నాను. మా ఇంట్లో తొక్కు అనేదాన్ని వీళ్లు పచ్చడంటారని కూడా చెప్పాను. వాళ్లు వేళ్లతో కలుపుకుంటూ చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. ముసలాయన తల వంచుకుని తింటున్నాడు. నుదుటి మీది గంధం ఇంకా చెరగలేదు.

ఆవిడ కొత్తావకాయ వెయ్యబోయింది.

"అది వద్దు. గూట్లో జాడీ ఉందిగా, మాగాయ. అది పట్రా."

ఆయనే అన్నాడు. ఆకు మీంచి తలెత్తలేదు. గొంతూ యాసా మాత్రం ఆయనవి కావు, గుంటూరు వైపువి. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తెస్తున్నానండీ" అంటూ ఆవిడ లోపలికి దాదాపు పరుగెత్తింది. మూతికి గుడ్డ వాసెన కట్టిన జాడీతో వచ్చింది. "మీరు లేరని ఎవ్వర్నీ ముట్టుకోనివ్వలేదు" అంటూ ఆయన ఆకులో ముందు వేసి, తర్వాత మాకూ వేసింది. ఇంగ్లండ్ ఆవిడ దాన్ని నాకి కళ్లు మూసుకుంది, అన్నిటికన్నా బాగుందంది.

భోజనాలయ్యాక వరండాలో ఆయన్ని అడిగాను. "మాగాయ ఉందని మీకెట్ల తెలిసింది?"

"ఏం మాగాయ?"

"మీరే అడిగిండ్రు కద."

"నేను నోరే తెరవలేదు బిడ్డా. ఆమెను చూస్తె దుఃఖమొచ్చి తలకాయ వంచుకొని తిన్న, గంతే."

నేను విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు తన అరచెయ్యి వాసన చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ హాల్లో మళ్లీ పడుకోనన్నాడు. ఎవరెంత బతిమాలినా వినలేదు. మిగతా సీను స్టూడియోలో సెట్ వేసి తీశారు.

కారులో మా అతిథులిద్దరినీ అడిగాను, భోజనం దగ్గర ఆ పెద్దాయన ఏమైనా మాట్లాడాడా అని. "మాట్లాడాడుగా, అప్పుడే కదా ఆవిడ అంత సంతోషపడింది" అన్నారిద్దరూ.

కొన్నాళ్లకు ఆవిడ చిన్నాన్నకు ఫోన్ చేసింది, ఆయన మళ్లీ ఎప్పుడొస్తారని. జాలిపడి చిన్నాన్న ముసలాయనను ఒప్పించి తీసుకెళ్లాడు. ఈసారి ఆయన తన మామూలు చొక్కా ప్యాంటులోనే వెళ్లాడు. ఆవిడ తలుపు తీసి ఇద్దరినీ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ముసలాయన వైపు తిరిగి, "మీరెవరండీ? మిమ్మల్నెప్పుడూ చూడలేదే" అంది.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడట. ఆవిడే చెప్పుకుంటూ పోయింది. "మావారు మొన్న వచ్చి భోంచేసి వెళ్లారండీ. మాగాయ అడిగి మరీ వేయించుకున్నారు."