మందిరం గడియారంలో ఏడు

గడియారాల కొట్టు పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. ఆ వీధిలో అందరికీ ఆమె పిన్నే. మనిషి పడుకుంటే తల ఒక గోడకీ కాళ్ళు ఇంకో గోడకీ తగిలేంత కొట్టు ఆమెది. కంటికి భూతద్దం బిగించుకుని, నువ్వుగింజంత మరను పట్టకారుతో ఎత్తేటప్పుడు ఊపిరి కూడా ఆపేస్తుంది. చుట్టూ రిపేరుకి వచ్చిన గడియారాలు ఒక్కోటి ఒక్కో వేళ చూపిస్తుంటాయి. వాటి మధ్య బతికి బతికి, వెనక మూత తీసి చూడందే దేన్నీ నమ్మని మనిషైంది. కూరల మనిషి తక్కెడకింద వేలు పెట్టి చూసేది. బాగా తగ్గిపోయిందమ్మా అని డాక్టరు నవ్వితే, ఎందుకు నవ్వాడా అని రెండు రోజులు ఆలోచించేది.

అలాంటి మనిషి అనుమానం లేకుండా అడుగుపెట్టేది వీధి చివరి ప్రార్థన మందిరంలోకే. వారానికోసారి స్టూలెక్కి అక్కడి గోడ గడియారానికి కీ ఇచ్చేది. ఆ పని వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆ గడియారం సరిగ్గా పన్నెండు నిమిషాలు వెనక నడుస్తుంది. పాడై కాదు. నూలు మిల్లులో రాత్రి షిఫ్టు పెట్టినప్పుడు, ఏడింటికి దిగేవాళ్ళకి ఏడింటి ప్రార్థన అందేది కాదు. ఒకరోజు నాన్న ఎవరినీ అడక్కుండా పెద్ద ముల్లుని పన్నెండు నిమిషాలు వెనక్కి జరిపాడు. ఎవరూ మీటింగు పెట్టలేదు, తీర్మానం రాయలేదు. మిల్లు వాళ్ళు తొమ్మిదిమంది జుట్టులో దూది పీచుతో వచ్చి చివరి వరసలో కూర్చునేవాళ్ళు. వాళ్ళు కూర్చున్నాకే గడియారం ఏడు కొట్టేది. పొద్దుటి వెలుతురు కూడా వాళ్ళతోపాటే నెమ్మదిగా లోపలికొచ్చినట్టు ఉండేది.

ఆ తొమ్మిదిమందిలో ఒకడు పిన్ని తమ్ముడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ సర్కారు మిల్లులో టెంపరరీ.

ఒకనాడు రేడియోలో చెప్పారు, ఇక నుంచి ఈ మతమే రాజ్య మతమని. వీధి సంబరపడింది. నెల తిరక్కుండా మందిరం పైకప్పు బాగుచేశారు, గోడలకి సున్నం కొట్టారు, కొత్త ఫ్యాన్లు పెట్టారు. ప్రార్థన చెప్పే పెద్దాయనకి జీతం వచ్చింది. పిన్ని మాత్రం ఫ్యాన్ల కింద నిలబడి, ఎవరో తన చీర కొంగు పట్టుకున్నట్టు వెనక్కి వెనక్కి చూసుకుంది.

పెద్దాయన పిన్ని వాళ్ళ నాన్నకి స్నేహితుడు. ముప్పై ఏళ్ళు కారే కప్పు కింద ప్రార్థన చెప్పిన మనిషి. ఆయన సంతోషంలో దురాశేమీ లేదు.

"మనదే కదమ్మాయ్. వేరేవాళ్ళది పెడితే భయపడాలి గాని, మనదాన్ని గౌరవిస్తుంటే నీకేం బాధ?"

"మనదని వాళ్ళు చెప్తున్నారు బాబాయిగారూ. ఇన్నాళ్ళూ ఒకరు చెప్తేనే మనదైందా?"

తమ్ముడు నవ్వాడు. "ఇంకనేం అక్కా, దేవుడు కూడా సర్కారు ఉద్యోగే. నాకంటే ముందు ఆయన పర్మనెంటు అయిపోయాడు."

సున్నం ఆరకముందే రిజిస్టరు వచ్చింది. వచ్చినవాళ్ళ పేర్ల పక్కన టిక్కు పెడతారు. ఎందుకని అడిగితే, ఊరికే తెలుసుకోడానికన్నారు. మరో నెలకి ఊరికే కాదని తెలిసింది. సర్కారు ఉద్యోగాల్లో పర్మనెంటు చెయ్యాలంటే మందిరం నుంచి హాజరు ఉత్తరం తేవాలట. ఆ మర్నాటి నుంచి మందిరం కిటకిటలాడింది. ఎన్నడూ గుమ్మం తొక్కని బట్టల కొట్టాయన ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ప్రార్థన చేశాడు. ఈయన కొడుక్కి ఏ ఉద్యోగం కావాలో అనుకుంది పిన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు ఎందుకొచ్చారని అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదామె. ఇప్పుడు ఒక్కొక్క ముఖాన్నీ వెనక మూత తీసి చూడాలనిపించింది. బట్టల కొట్టాయన కూడా తలతిప్పి ఆమె వంక అలాగే చూశాడు.

తరవాత ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, గడియారం వంకా తన చేతి వాచీ వంకా చూశాడు. దేశమంతా ప్రార్థన ఒకే నిమిషంలో మొదలవ్వాలనీ, రాజధాని నుంచి వచ్చే గొంతు స్పీకర్లో వినపడుతుందనీ, సరిగ్గా ఏడింటికి తలుపు మూసెయ్యాలనీ చెప్పాడు. గడియారం సరిచేసి, సరిగ్గా ఉందని ఆమె సంతకం చెయ్యాలి.

మిల్లు వాళ్ళ సంగతి పిన్ని చెప్పింది. అతను శ్రద్ధగా విని, గొంతు తగ్గించాడు.

"మీ తమ్ముడున్నాడు కదమ్మా అందులో. ఆయన రాకపోయినా టిక్కు పడుతుంది. నేను చూసుకుంటాను."

"మిగతా ఎనిమిదిమంది?"

"వాళ్ళు మీకేమవుతారమ్మా?"

అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. చివరి వరసలో కూర్చునేవాళ్ళు తనకేమవుతారో పిన్ని ఎప్పుడూ ఆలోచించలేదు. స్టూలెక్కి ముల్లుని పన్నెండు నిమిషాలు ముందుకి జరిపింది. దిగి సంతకం పెట్టింది. గడియారం సరిగ్గా ఉందన్న మాట అబద్ధం కాదు గదా అని తనకి తనే చెప్పుకుంది.

మర్నాడు ఏడుకి ఐదు నిమిషాల ముందే రిజిస్టరు తెరిచి ఉంది. తమ్ముడి పేరు పక్కన టిక్కు పడి ఉంది. ఆ వేళకి వాడు మిల్లులో దారపు కండెల మధ్య నిలబడి ఉంటాడు. మిగతా ఎనిమిది పేర్ల పక్కన గళ్ళు తెల్లగా ఉన్నాయి. పిన్ని పెన్ను తీసుకుని తమ్ముడి టిక్కు కొట్టేసింది.

"అదేం పనమ్మాయ్, వాడి పొట్ట కొడతావా?" అన్నాడు పెద్దాయన.

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. వెనకాల తలుపు మూసుకుంది.

ఏడూ పదికి తొమ్మిదిమందీ వచ్చారు. మూసిన తలుపుని చూసి ఆగిపోయారు. లోపల ఎవరో తెలియని గొంతు స్పీకర్లోంచి నున్నగా ప్రార్థన చెబుతోంది. పిన్ని జరిగింది దాచలేదు. ఆఫీసరు ఏమన్నాడో, తనేం చేసిందో అందరి ముందూ చెప్పింది. తమ్ముడి ముఖం పాలిపోయింది.

"పంతొమ్మిదేళ్ళక్కా," అన్నాడు. "నన్నడిగావా?"

"తప్పుడు టిక్కురా అది."

"కావచ్చు. తీసుకోవాలో వద్దో నేను చెప్పాలి. సర్కారూ నన్నడగలేదు, నువ్వూ అడగలేదు."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. నాన్న కూడా ఎవరినీ అడగలేదని అనబోయి ఊరుకుంది. నాన్న జరిపిన ముల్లు తొమ్మిదిమందిని లోపలికి తెచ్చింది. తను కొట్టేసిన టిక్కు ఎవరిని ఎక్కడికి తెచ్చింది?

"నిజమే. అడగాల్సింది. ఇప్పుడెళ్ళి తలుపు కొట్టు, బాబాయిగారు తీస్తారు. మళ్ళీ వేయించుకో. నేనేమీ అననురా, ఒట్టు."

తమ్ముడు మెట్లెక్కాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. ఎనిమిదిమందీ కింద నిలబడి ఆ చెయ్యి వంకే చూస్తున్నారు. అతను మెడ తిప్పి వాళ్ళని చూశాడు, మళ్ళీ తలుపుని చూశాడు. కాసేపటికి చెయ్యి తీసేసి దిగొచ్చి, అందరికంటే కింది మెట్టు మీద అక్కకి వీపు పెట్టి కూర్చున్నాడు.

లోపలి గొంతు సగందాకా వెళ్ళిపోయింది. పిన్ని దాన్ని పట్టించుకోకుండా మొదటి నుంచి ప్రార్థన మొదలుపెట్టింది. ఎనిమిదిమందీ గొంతు కలిపారు. తమ్ముడు ఇష్టపడి కూర్చున్నాడో, ఎనిమిది జతల కళ్ళకి జంకి కూర్చున్నాడో ఆమెకి తెలియలేదు. వాడిని చంకనెత్తుకుని పెంచిన ఇన్నేళ్ళలో వాడి గురించి ఇలాంటి సందేహం ఒక్కసారీ రాలేదు. ప్రార్థన సాగుతుండగా మెడ చాపి చూసింది. వాడి పెదాలు కదులుతున్నాయో లేదో, వెనకనుంచి కనపడలేదు.