వెండి రెండు, నలుపు రెండు

మొన్న బహ్రెయిన్‌లో, సిత్రాలోని మా షెడ్డుకి ఒక పెద్దమనిషి వచ్చి, ఫోనులో ఫోటో చూపించి, తన కారు హెడర్లకి, అంటే ఇంజను నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలకి, అద్దంలా మెరిసే సిరామిక్ పూత కావాలన్నాడు. నేను అందరికీ చెప్పే మాటే చెప్పాను. మామూలు ఇంజనైతే వెండి రంగు పూత చాలు, టర్బో బిగించిన బండైతే మాత్రం ఆ వేడికి అది నిలవదు, మసి పట్టిన కుండ అడుగులా ఉండే నలుపే వేసుకోవాలి అని. ఆయన నవ్వి ఒప్పుకుని వెళ్ళిపోయాడు గానీ, సాయంత్రం దాకా నా మనసు పనిమీదికి రాలేదు. వెండా నలుపా అని ఎవరడిగినా నా కళ్ళముందు మా బావ వచ్చి నిలబడతాడు.

ఆ రోజుల్లో చుట్టాలు తీసిచ్చిన వీసా మీద గల్ఫుకి వచ్చిన నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెచ్చినవాడి ముందు మన నోరు లేవదు. నన్ను తెచ్చింది మా అక్క మొగుడు. గ్యారేజీలో అతనే ఫోర్‌మన్, మనామాలో మా గోదావరి వాళ్ళంతా శుక్రవారం ఉదయం ప్రార్థనకి కూడుకునే అద్దె గదిలో అతనే సంఘపెద్ద, మధ్యాహ్నం అక్క వండిన చేపల పులుసు దగ్గర అతనే ఇంటి యజమాని. పని కూడా అతనే నేర్పాడు, ఆ మాట కాదనను. గొట్టాన్ని ముందు బట్టీలో కాల్చి నూనెంతా పోగొట్టాలి, తర్వాత మిషనుతో గరుకు ఇసుక కొట్టి ఇనుము బూడిద రంగు తేలేలా చెయ్యాలి, ఆపైన దాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. చేతి చెమట అంటినచోట పూత కింద మరక మిగిలిపోయి, వేడికి అక్కడే పెచ్చు లేస్తుంది. అందుకే నేను గ్లౌజులు తొడుక్కుని, శుక్రవారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళేన్ని పట్టుకున్నంత భక్తిగా ఆ గొట్టాలను పట్టుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కర్జకాన్ ఊరి నుంచి ఒక బహ్రెయినీ తన టర్బో కారు గొట్టాలు తెచ్చి మెరుపు కావాలన్నాడు. ఇది నిలవదు, నలుపు వేద్దామని బావతో అంటే, "కస్టమర్ కంటికి నచ్చింది పుయ్యరా, నీకెందుకు పెత్తనం" అన్నాడు. పూశాను. కొన్ని వారాలకే ఆ కారు తిరిగొచ్చింది. ఇంజను మూతి దగ్గర పూత తెల్లబడి పొట్టు రాలుతోంది. యజమాని కేకలేస్తుంటే బావ నా వైపు కూడా చూడకుండా, వీడు ఉత్త చేత్తో ముట్టుకున్నాడు అని తేల్చేశాడు. ముట్టుకోలేదని నేనన్నాను. అక్కడితో ఆ మాట గ్యారేజీలోనే ఆగిపోవలసింది.

ఆగలేదు. మా సంఘంలో ఒక కట్టడి ఉండేది: అబద్ధమాడినవాడు ఒప్పుకునేదాకా, పగతో ఉన్నవాడు చెయ్యి కలిపేదాకా బల్ల దగ్గర రొట్టె ముట్టరాదు. ఆ శుక్రవారం బావ ప్రార్థనకు ముందు లేచి, నా బావమరిది తప్పుచేసి దాన్ని అబద్ధంతో కప్పుకుంటున్నాడు, అతని కోసం ప్రార్థించండి అన్నాడు. నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. చేయని తప్పు ఒప్పుకుంటే అబద్ధం, ఒప్పుకోకపోతే బల్ల లేదు. పళ్ళెం నా పక్కవాడి దాకా వచ్చి, నన్ను దాటి అవతలివాడికి పోయింది. ఆడవాళ్ళ వైపు మా అక్క కొంగు కళ్ళమీదికి లాక్కుంది. అలా ఎన్నో శుక్రవారాలు గడిచాయి. అప్పుడు నేను ఓర్పు ఇమ్మని ప్రార్థించలేదు. ప్రభువా, ఆ నోటిని ఆ చేతులతోనే మూయించు అని ప్రార్థించాను. అలాంటి ప్రార్థన విశ్వాసికి తగదనేవాళ్ళ మీద, నలుగురిలో ఎవరూ అబద్ధం మోపి ఉండరు.

దేవుడు ఆ ప్రార్థన విన్నాడు. కర్జకాన్ ఆయన గొట్టాలకి మళ్ళీ పూత వేయించుకోడానికి వచ్చినప్పుడు, సగం హిందీ సగం అరబ్బీతో నేనొక మాట అడిగాను. నాలుగు గొట్టాలున్నాయి కదా, రెండింటికి వెండి, రెండింటికి నలుపు పూద్దాం, నలుపు నేను పూస్తాను, వెండి మాత్రం మా ఫోర్‌మన్ తన చేతులతో పూయాలి అన్నాను. ఆయనకి అది పందెంలా తోచి పడీపడీ నవ్వి, "ఖలాస్, అలాగే కానీ భాయ్" అన్నాడు. బావ కాదనలేకపోయాడు. కాదంటే, వెండి నిలవదని తనకి ముందే తెలుసన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది. కొత్త గ్లౌజులు తొడుక్కుని, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినంత జాగ్రత్తగా పూశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. సెలవు టికెట్టు కోసం కూడా నేనెన్నడూ అంత ఆశగా ఎదురుచూడలేదు.

కారు తిరిగొచ్చింది. నా నలుపు రెండూ పూసినవి పూసినట్టే ఉన్నాయి. అతని వెండి రెండూ, ఎండదెబ్బ తగిలిన వీపులా, మూతి దగ్గర తోలు ఊడుతున్నాయి. పాకిస్తానీ వెల్డరు ఒకడు తీరిగ్గా టీ తాగుతూ, "ఉస్తాద్, ఈసారి ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు. గ్యారేజీ అంతా నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లో ఈనాటికీ తియ్యగానే ఉంది.

ఆ శుక్రవారం బావ సంఘంలో లేచి, ఏదీ దాచకుండా, నేను అబద్ధ సాక్ష్యం చెప్పాను, నా బావమరిది నిర్దోషి అన్నాడు. అన్నాక వెనక బెంచీ దాకా నడిచొచ్చి చెయ్యి చాచాడు. నేను ఆ చెయ్యి అందుకుంటే చాలు, ఇద్దరం కలిసి బల్ల దగ్గరికి వెళ్తాం. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"గ్లౌజు తొడుక్కోండి బావగారూ," అన్నాను. "ఉత్త చేత్తో ముట్టుకుంటే మరక పడుద్ది."

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా ముడుచుకుంది. నేను బయటికొచ్చేశాను. అక్క మెట్లమీద నన్నందుకుని, "ఒక్క మాట పట్టుకుని ఏలాడతావేంట్రా, ఆయన అందర్లో లేచి నిలబడ్డాడు కదా" అంది. "ఒక్క మాట కాదక్కా," అన్నాను, "అన్ని శుక్రవారాలు." ఆ తర్వాత గ్యారేజీ కూడా మారిపోయాను.

వాళ్ళు ఊరెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. అక్క ఫోను చేసినప్పుడు వెనక అతని దగ్గు వినబడుతుంది. అతను ఫోను అడగడు, ఇమ్మని నేనూ అడగను. క్షమించడం గురించి నాకు తెలియక కాదు, మా పిల్లలకు ఆ పాఠం ఎన్నిసార్లో చెప్పాను. సొంతవాడి మీద అబద్ధ సాక్ష్యం పలికినవాడి గురించి లేఖనాలు ఏమంటాయో కూడా చెప్పాను. నా తూకంలో ఇప్పటికీ ఆ రెండోదే మొగ్గుతోంది.

ఇప్పుడు సంఘం పెద్దది. తెరమీద పాటలు పడతాయి. గుమ్మం దగ్గరే ఒక అమ్మాయి రొట్టెముక్కా ద్రాక్షరసం మూతవేసిన చిన్న కప్పులో పెట్టి అందరి చేతికీ ఇచ్చేస్తుంది. ఒకరిమీదొకరు కోర్టుకెక్కినవాళ్ళు కూడా పక్కపక్కనే కూర్చుని తీసుకుని, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఎవరికి ఎవరితో పడదో ఎవరూ అడగరు. మొదటిసారి "తీసుకోండి అంకుల్" అని ఆ కప్పు నా చేతిలో పెట్టినప్పుడు, ఎవరైనా ఆపుతారేమోనని నేను అక్కడే నిలబడిపోయాను. వెనకవాళ్ళు మాత్రం కాస్త జరగమన్నారు. దూరం పెడితే గుండె కోసినట్టుండే ఆ రోజుల్లో, దగ్గరికి రానివ్వడానికీ అంత విలువ ఉండేది. కప్పు తిరిగిచ్చేశాను. నన్ను ఆ బల్లకి దూరం పెట్టడానికైనా, చెయ్యిపట్టి తీసుకెళ్ళడానికైనా తగినవాడు ఈ లోకంలో మా బావ ఒక్కడే మిగిలాడు. వాడికి నేను చెయ్యి ఇవ్వలేదు, ఇవ్వను.