కస్టమ్స్ దొంగని పట్టుకున్నాను

మొన్న నేనొక సైబర్ దొంగని పట్టుకున్నానండి. అతనికి జీతమిచ్చేది ప్రభుత్వమేనని మర్నాడు తెలిసింది.

మా బాబాయి పెద్దాపురంలో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తారు. నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్ పగిలింది. అంత పాత వాయిద్యానికి సరిపడేది ఇక్కడ దొరకలేదు. అది లేకపోతే మరిడమ్మ జాతర ఊరేగింపులో ఆయన చేతులు కట్టుకుని నడవాల్సిందే. జర్మనీలో ఉన్న నా ఫ్రెండ్ ఒకటి కొని, బాబాయి పేరున, రాజమండ్రి మా రూము అడ్రసుకి, నా ఫోన్ నంబరు వేసి పోస్టు చేశాడు. నెల పడుతుందన్నాడు.

వారానికే ఫోను. "ఫారిన్ పార్సిల్ అండి. కస్టమ్స్ డ్యూటీ కట్టాలండి. ఆధార్ కాపీ కూడా..."

రక్తం మరిగింది. సరిగ్గా ఈ మోసం మీదే మా ఉద్యమం తరఫున కాలేజీల్లో ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి. టీ కొట్లో అందరూ వినేలా స్పీకర్ పెట్టాను.

"శ్రమజీవి చెమట తాగే పరాన్నజీవివి నువ్వు," అన్నాను.

"నేను పోస్టాఫీసు అండి."

"రేపు పోలీసునంటావు. దోపిడీకి వెయ్యి ముసుగులు. మేలుకున్న జనం ముందు ఒక్కటీ నిలవదు."

"అలాగేనండి. ఇంతకీ ఎప్పుడొస్తారండి?"

పెట్టేశాను. కొట్టాయన నా టీకి డబ్బులు తీసుకోలేదు.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? పోస్టాఫీసు పేరుతో జనాన్ని దోచుకుంటున్నారని చెప్పడానికి మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసుకే వెళ్లాను. కౌంటర్లో ఆయన శ్రద్ధగా విని, నంబరడిగారు. చెప్పాను.

"ఆ పరాన్నజీవిని నేనేనండి," అన్నారు.

పక్క కౌంటరావిడ తలెత్తకుండానే, "నిన్నటి నుంచి మేమూ అలాగే పిలుస్తున్నామండి," అంది.

పార్సిల్ తెచ్చి చూపించారు. ఒక పక్క కోసి, మళ్లీ టేపు వేసి ఉంది. విదేశాల నుంచి వచ్చినవాటిని కస్టమ్స్ వాళ్లు కావాలంటే విప్పి చూసి, పన్ను వేసి, మళ్లీ అంటించి పంపుతారట. వసూలు చేసేది మాత్రం పోస్టాఫీసట.

"సంగీతం మీద పన్నా?" అన్నాను.

"సంగీతానికి వెయ్యలేదండి. ప్లాస్టిక్కు ముక్కకి వేశారు."

కట్టాను. ఇక బాబాయి ఆధార్ కాపీ ఒక్కటే కావాలి. ఊరేగింపు రేపే. ఆయనకి ఫోన్ చేశాను.

"బాబాయ్, కస్టమ్స్ నుంచి పార్సిల్ వచ్చింది. మీ ఆధార్ ఫోటో వెంటనే పంపండి."

"గొంతూ నంబరూ అచ్చం మావాడివే పెట్టావురా. కంప్యూటర్లో చేశావా?"

"నేనే, బాబాయ్."

"మావాడైతే ఈపాటికి ఒక్క స్లోగనైనా అనేవాడు. పెట్టెయ్ ఫోను."

మళ్లీ చేస్తే బ్లాకు. బస్సెక్కి పెద్దాపురం పరిగెత్తాను.

వెళ్లేసరికి మేళం వాళ్లంతా అరుగు మీద ఉన్నారు. బాబాయి చెబుతున్నారు: "నా దగ్గరా వాడి వేషాలు? గడ్డి పెట్టాను. అంతా మావాడి ట్రైనింగు." నన్ను చూసి, "అదిగో, వచ్చాడు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, ఆ ఫోను చేసింది నేనేనని చెప్పడం మానేశాను. ఆధార్ కార్డు తీసుకుని, వచ్చిన బస్సులోనే తిరిగెళ్లాను.

మర్నాడు జాతరలో క్లారినెట్ మోగింది. పాటకీ పాటకీ మధ్య బాబాయి మైకందుకుని, ఆ ఫోన్ దొంగ కథ ఊరందరికీ వినిపించారు. దొంగెవరో నేను ఇప్పటికీ చెప్పలేదు. ఇంతమంది మేలుకున్నాక, ఒక్కడి నిజం కోసం వాళ్లని మళ్లీ నిద్రపుచ్చడం ఉద్యమానికి మంచిది కాదు.