‘ఆయ్’ అన్నందుకు

మొన్న అమలాపురంలో షేర్ ఆటో ఎక్కితే నా పక్కన ఒక మేక కూర్చుంది. వానకు తడిసిన మేక వాసన ఎలా ఉంటుందో చెప్పి మీ భోజనం పాడుచెయ్యను. నాకు మాత్రం సరళ మేడమ్ గుర్తొచ్చారు. ఈ మాట వింటే ఆవిడ ముందు కోప్పడి, తరవాత నవ్వేవారు.

కొత్తపేట దగ్గర ఒక పశువుల పరిశోధనశాలలో ఆవిడ డాక్టరు, నేను టెక్నీషియన్ని. ఆవిడ అనంతపురం నుంచి ఒక్కరే వచ్చారు. మా పనల్లా మేక మెడనరం నుంచి రక్తాన్ని సన్నటి గొట్టంలోకి తీసి, అతినీలలోహిత కాంతి ముందు నడిపించి, మళ్లీ దాని ఒంట్లోకే పంపడం. పరాయిదాన్ని తరిమే రక్తకణాలు ఆ కాంతికి నీరసిస్తాయి. అప్పుడు తెల్లమేక వీపున అతికించిన నల్లమేక చర్మం ఊడకుండా నిలుస్తుందా అని చూడాలి.

“అంటే చుట్టాన్ని గెంటెయ్యకుండా కాపలావోళ్లకి మత్తు పెట్టడమన్నమాటండి,” అన్నాను.

“అంతే. దొంగ వచ్చినా లేవరు,” అన్నారావిడ.

అందుకే జబ్బులు అంటకుండా ఆ మేకను వేరే గదిలో పెట్టాం. ఒంటరి మేక మేత ముట్టదు. మేడమ్ రోజూ అద్దం ఇవతల పీట వేసుకుని, దానికి కనబడేలా తన క్యారేజీ విప్పేవారు. ఆవిడ ముద్ద పెట్టుకుంటే అదీ ఓ ఆకు కొరికేది. “మీకు అది తోడా, దానికి మీరు తోడా అండీ?” అని అడిగాను. “నువ్వు పో అబ్బీ, అది బెదురుతాది,” అన్నారు.

ఒక ముసురు సాయంత్రం. పక్క కొట్టంలో మేకలు దగ్గుతున్నాయి. మేడమ్ వెళ్లబోతూ, “గది గడియ, అబ్బీ?” అన్నారు. “ఆయ్,” అన్నాను. మా వైపు ఆ మాటకి అవునండి అనే కాదు, విన్నానండి, వేస్తానండి అని కూడా అర్థం. వేసేశాననుకుని ఆవిడ వెళ్లిపోయారు. ఇంతలో ఫోనొస్తే మాట్లాడుకుంటూ నేనూ ఇంటికి పోయాను. తెల్లారేసరికి దగ్గే మేకొకటి ఆ గదిలో ఉంది.

నాలుగో రోజుకి తెల్లమేక మేత మానేసింది. మేడమ్ కూడా క్యారేజీ విప్పలేదు. ఆరో రోజున మేక పోయింది. నల్లచర్మం మాత్రం వీపుకి గట్టిగా అతుక్కునే ఉంది. చుట్టం ఉండిపోయాడు, ఇల్లే పోయింది అని జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“తప్పు నాదండి,” అన్నాను.

“గడియ నీది. ఆ మాట రెండేండ్లుగా వింటాండా, అర్థమేందని ఒక్కసారీ అడగలేదు. అది నాది.”

నివేదికలో తన తప్పు మాత్రమే రాశారు. ఆ నెలలోనే ఆవిణ్ని బదిలీ చేశారు.

ఇప్పుడు నేను వేరేచోట పనిచేస్తున్నాను. ఎవరేది అడిగినా వెళ్లి, చేత్తో తాకి చూసొచ్చాకే జవాబు చెబుతాను. చాదస్తం అంటారు. ఎందుకో చెప్పబోతే, మేక అన్న మాట దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్లకి నేనే అలవాటు చేశాను. అందుకని మిగతాది ఎవరికీ చెప్పలేదు.