దిండు గలీబులో దాచిన పుస్తకం

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆమెది. కత్తిరించేవాళ్ళు, కాలరు వేసేవాళ్ళు, కాజాలు తీసేవాళ్ళు, గుండీలు కుట్టేవాళ్ళు, అందరి చేతులూ దాటాక చొక్కా ఆమె ముందుకు వస్తుంది. ట్యూబులైటు కింద పరిచి, ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, చివర అంచు మడత చూస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే వరుస. కుట్టు తప్పిన చోట ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపుతుంది. అలా తిరిగొచ్చిన చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టుకోవాల్సినవాళ్ళు ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలియదని వాళ్ళనుకోవడమే నయమనుకునేది.

ఇంటికొచ్చాక ఆ చూపు పక్కన పెట్టడం ఆమెకు చేతకాలేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా ఇనుప తాళ్ళ మధ్య, చీకటి గుంతల్లో పని చేసి వచ్చి ఇంట్లో మాట్లాడేది తక్కువ. ఒక్కతే కూతురు. వాళ్ళ నాన్న పిట్ట అంటాడు. అందరికీ అదే అలవాటైంది. కిందటేడు దాకా పిట్ట గుమ్మంలో బూట్లు విప్పుతూనే స్కూలు కబుర్లన్నీ గుమ్మరించేది. పదిహేను నిండాక ఆ ధార ఆగిపోయింది. ఏమడిగినా ‘ఏం లేదు’, ‘ఊరికే’, ‘తెలీదు’. గది తలుపు ధడాలున వేసుకున్నా బాగుండేది, కోప్పడటానికి ఒక సాకు దొరికేది. మెల్లగా, చప్పుడు కాకుండా వేసుకునేది. ఆ మెల్లదనమే తల్లికి గుచ్చుకునేది.

ఆ ఏడు ఆమెకూ ఏదో తేడా చేసింది. నలభై ఆరేళ్ళు. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చేవి. ఫ్యాక్టరీలో ఒకసారి జేబు తలకిందులుగా కుట్టిన చొక్కా ఆమె బల్ల దాటి వెళ్ళిపోయింది, కొన్నవాళ్ళ దగ్గర నుంచి ఫిర్యాదు వచ్చింది. దగ్గరివి మసగ్గా కనబడుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. చొక్కాను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. చూపు తగ్గుతున్న కొద్దీ అనుమానం పెరిగింది.

మొదట దొరికింది మరక. పిట్ట యూనిఫారం కుడిచేతి మణికట్టు దగ్గర నల్లగా, పొడిపొడిగా ఉంది. మరకల గురించి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిషను నూనె కాదు, తుప్పు కాదు, పెన్సిలు కాదు. వేణ్ణీళ్ళలో నానబెడితే పోవడం మాట అటుంచి, బట్టలో ఇంకిపోయి కూర్చుంది. రెండు వారాల్లో అలాంటివి మరో మూడు వచ్చాయి. మంగళవారం, శుక్రవారం ఆ పిల్ల నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తోందని కూడా లెక్క తేలింది. ఎందుకని అడిగితే స్పెషల్ క్లాసు అంది. ఏ సబ్జెక్టని అడిగితే లెక్కలంది. లెక్కల మాస్టారు నెల రోజులుగా సెలవులో ఉన్నాడని ఆమెకు అప్పటికే తెలుసు.

ఇంకొకటి జరిగింది. ఒక సాయంత్రం చదువుకోమంటే పిట్ట సోఫాలో వాలిపోయి, “నా బుర్రకి ఇవాళ సెలవిచ్చేశా” అంది. ఆ మాట ఎక్కడో విన్నదే. ఎక్కడో వెంటనే తట్టలేదు. గిన్నెలు కడుగుతుంటే తట్టింది, చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఒకప్పుడు ఆ మాటనేది తన అక్క.

అక్క ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరిదీ ఒకే గది, ఒకే మంచం. పదహారేళ్ళప్పుడు చెల్లెలు ఒక పుస్తకంలో తన మనసులోవన్నీ రాసుకుని దిండు గలీబులో దాచుకునేది. ఆ చోటు తెలిసింది అక్కకొక్కతికే. ఒకరోజు భోజనాల దగ్గర ఆ పుస్తకం తండ్రి చేతిలో కనబడింది. అందరి ముందూ ఒక్కో పేజీ పైకి చదివాడు. ఆ వారమే ఆమెకు స్కూలు మానిపించి కుట్టు క్లాసులో చేర్పించాడు. తండ్రికి పుస్తకం ఇచ్చింది అక్కేనని ఆమె ఆ రాత్రే తేల్చేసుకుంది. అంతే, మాట మానేసింది. పెళ్ళిళ్ళు జరిగాయి, అమ్మ పోయింది, నాన్న పోయాడు. అమ్మ పోయినప్పుడు ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారే గాని పలకరించుకోలేదు. ముప్పై ఏళ్ళు గడిచాయి. అక్క ఎక్కడో దూరాన ఉందని మాత్రమే తెలుసు.

లోకంలో అదే మాట ఇంకొకరు అనకూడదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కుర్రాడెవడో ఉన్నాడనుకోవడమే ఆమెకు తేలికనిపించింది. భర్తను కదిపితే అతను నీళ్ళు నమిలాడు. ఎదిగే పిల్ల, కాస్త గాలాడనివ్వు అన్నాడు. ఆమె గదిలోకి రాగానే అతను ఫోను పెట్టేయడం ఆ వారంలోనే రెండుసార్లు జరిగింది. దాంతో అనుమానం రెండు తలలు వేసింది.

ఒక ఆదివారం తండ్రీ కూతుళ్ళు బజారుకెళ్ళినప్పుడు ఆమె పిట్ట గదిలోకి వెళ్ళింది. చెయ్యి దానంతటదే ముందు దిండు గలీబులోకి పోయింది. అక్కడేం లేదు. పుస్తకం పాత బూట్ల పెట్టెలో దొరికింది. నిలబడే, దాన్ని దూరంగా పట్టుకుని చదివింది. సగానికి పైగా స్నేహితురాళ్ళ అలకలు, మొటిమలు, తన ముక్కు బాగోలేదన్న కోపం. ఒకచోట ఇలా ఉంది: ‘అమ్మ నన్ను చూడదు. నాలో తప్పు ఎక్కడుందో చూస్తుంది. అంతా బాగుంటే అమ్మకి నాతో పనే లేదు.’ ఆ కింద: ‘ఇవాళ పె.మ. దగ్గరికి వెళ్ళా. పె.మ. దగ్గర గంటసేపు ఏం మాట్లాడకపోయినా ఏమైందే అని అడగదు. నాన్నకి తెలుసు. అమ్మకి తెలిస్తే అయిపోయినట్టే.’

మొదటి మాటలు గుండెలో దిగాయి. కానీ ఆమె పట్టుకుంది మాత్రం రెండో దాన్ని. పె.మ. ఎవరు? ఇంటిపేరా? ‘అడగదు’ అని ఉంది కాబట్టి ఆడమనిషి. పిల్లల్ని మాటల్లో పెట్టి ఎటో లాక్కుపోయే ఆడవాళ్ళ గురించి విన్నవన్నీ గుర్తొచ్చాయి. పైగా భర్తకు తెలుసట. పుస్తకాన్ని ముందున్న కోణంలోనే పెట్టి, మూత వేసి, వంటింట్లోకి వచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

మంగళవారం ఒంట్లో బాలేదని చెప్పి మధ్యాహ్నమే ఫ్యాక్టరీ నుంచి బయటపడింది. స్కూలు ఎదురుగా మందుల షాపు ముందు నిలబడింది. గంట కొట్టారు. పిట్ట ఒంటరిగా బయటికొచ్చి, గోడ వెంబడే నడిచి, మలుపులో ఉన్న జిరాక్స్ షాపులోకి, కౌంటరు చెక్క పైకెత్తి, సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది. వెళ్ళి, మిషను తెరిచి లోపలి నల్లపొడి డబ్బా బయటికి తీసింది. మరక సంగతి అక్కడ తేలిపోయింది. మిషను వెనక నుంచి, కాగితాల కట్ట పట్టుకుని, జుట్టు సగం నెరిసిన మనిషి లేచి నిలబడింది.

రోడ్డు ఎలా దాటిందో ఆమెకు గుర్తులేదు. కౌంటరు ముందుకొచ్చి నిలబడేసరికి నోరు జారింది.

“పె.మ. అంటే నువ్వా?”

ఆ మనిషి ఆమె అక్కే. కట్ట కింద పెట్టింది. “లోపలికి రా. అక్కడే నిలబడితే నీ వెనకాల లైను కడతారు” అంది.

కానీ పిట్ట కదల్లేదు. ముఖంలో రంగు మారింది. “పె.మ. అని నేనెవరితోనూ అనలేదు. పుస్తకంలోనే రాశా” అంది మెల్లగా. “నా పుస్తకం చదివావా అమ్మా?”

అబద్ధం నాలుక చివరే సిద్ధంగా ఉంది. మీ నాన్న చెప్పాడంటే సరిపోతుంది. అతనెలాగూ దోషే. అయితే ఇదే ప్రశ్న ఆమె ముప్పై ఏళ్ళుగా మనసులో అక్కను నిలబెట్టి అడుగుతూ వచ్చింది. అక్క ప్రతిసారీ తల దించుకునేది. ఇప్పుడు ప్రశ్న తన ముందుకొచ్చింది.

“చదివాను.”

“ఎంత?”

“అంతా.”

పిట్ట చేతులు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని, ఇద్దరి మధ్య నుంచీ బయటికి వెళ్ళిపోయింది. పిలిచినా తిరిగి చూడలేదు.

షాపులో ఇద్దరే మిగిలారు. అక్క చెప్పుకొచ్చింది. భర్త పోయాక ఊరు మారి ఎనిమిది నెలల కింద ఈ షాపు తీసుకుందట. పిల్ల గుర్తింపు కార్డు జిరాక్సుకి తెస్తే, దాని మీద తల్లి పేరు చూసిందట. పెద్దమ్మనని చెప్పకుండా ఉండలేకపోయిందట. మొదటి వారంలోనే మరిదికి ఫోను చేసిందట. చెల్లెలి చెవిన వెయ్యమని ఆమె అంటుంటే, సమయం చూసి వేస్తానని అతను వాయిదా వేస్తూ వచ్చాడట. చెల్లెలు విన్నదే గాని, అందులో పొంతన కుదరని చోటు ఎక్కడుందా అని వెతుకుతూనే ఉంది. ఇన్ని ఊళ్ళుండగా ఈ ఊరే ఎందుకు? ఈ స్కూలు పక్కనే ఎందుకు?

“నేను చదివానని ఒప్పుకున్నా కదా. నువ్వూ ఒప్పుకో” అంది.

“ఏం ఒప్పుకోమంటావే?”

“నా పుస్తకం నాన్నకిచ్చింది నువ్వే.”

అక్క స్టూలు మీద కూర్చుంది. ఇచ్చింది తను కాదని చెప్పింది. దుప్పట్లు, గలీబులు ఉతకడానికి తీస్తుంటే అమ్మకు దొరికిందట. అమ్మకు చదువు రాదు. ఏదో స్కూలు పుస్తకం అనుకుని నాన్నకిచ్చిందట. చెల్లెలికి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయిందనీ, పోయినవాళ్ళ మీదికి తోయడం తేలికనీ అంది.

“తేలికే. అందుకే అమ్మ ఉన్నన్నాళ్ళూ తొయ్యలేదు” అంది అక్క. “నాతో మాట మానేశావు, పోనీ అనుకున్నా. అమ్మతో కూడా మానేస్తే అది తట్టుకునేది కాదు.”

చెల్లెలు ఆ మాటను చొక్కాలాగే వెలుతురులో పెట్టి ఇటూ అటూ తిప్పి చూసింది. కుట్టు మరీ నీటుగా ఉంది. నీటుగా ఉన్నంత మాత్రాన అబద్ధమని స్టిక్కరు అంటించడానికీ లేదు. షాపు బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం భర్తను నిలదీసింది. అతను తప్పించుకోలేదు. “చెప్పాలనే అనుకున్నా. నువ్వు అడిగితే కోర్టులో అడిగినట్టుంటుంది. నోరు పెగలదు” అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. పక్క మీద వాలాక, ఆ మాటా కూతురు రాసిన మాటా ఒకటేనని తోచి మంట చల్లారింది.

పిట్ట పంతొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. తినేది, స్కూలుకు వెళ్ళేది, గది తలుపు మెల్లగా వేసుకునేది. తల్లి ఆ గదిలో అడుగుపెట్టడం మానేసింది. ఉతికిన బట్టలు తలుపు బయట స్టూలు మీద పెట్టేది. అవి మాయమయ్యేవి. ఆ మౌనం ఎంత దూరం సాగగలదో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. తను ముప్పై ఏళ్ళు సాగించింది.

పదకొండో రోజున ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, తనకు దగ్గరి చూపు తగ్గిందని, ఆ తలకిందుల జేబు అందుకే తప్పిపోయిందని చెప్పేసింది. బల్ల పోతుందనుకుంది. కంటి పరీక్ష చీటీ రాసిచ్చి పంపారు. కళ్ళజోడుతో వచ్చిన రోజు, భూతద్దానికి భూతద్దం వచ్చిందని గుండీల వరుసలో ఎవరో గుసగుసలాడారు. నాలుగు వరుసల అవతల ఉన్న ఆమెకు వినబడింది. చెవులు బాగానే ఉన్నాయంది. వాళ్ళ ముందు ఆమె నవ్వడం అదే మొదలు.

ఇరవయ్యో రోజు ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే పిట్ట వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“తాతయ్య చదివిన నీ పుస్తకం గురించి పెద్దమ్మ చెప్పింది. అందులో నువ్వేం రాశావు?”

ఆమె చెయ్యి ఆగింది. అప్పట్లో ఇంట్లో అందరూ విన్నారు, తిట్టారు, జాలిపడ్డారు. ఏం రాశావు, ఎందుకు రాశావు అని అడిగినవాళ్ళు లేరు. ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో తెరల మీద కొండలు, కోటలు వేసేవాళ్ళు ఉంటారని, వాళ్ళతో వెళ్ళిపోవాలని రాసుకున్నానని చెప్పింది. “ఇంకా?” అంది పిట్ట. తల్లి కత్తి పక్కన పెట్టింది.

“నాన్న నమిలే చప్పుడు వింటే నాకు పారిపోవాలనిపిస్తుంది అని రాశా. ఆయన నములుతూనే పైకి చదివారు.”

పిట్ట పెదాలు బిగబట్టింది గాని నవ్వు ఆగలేదు. తర్వాత నవ్వు దానంతటదే తగ్గిపోయింది. “నేను నీ గురించి రాసింది...” అంది.

“అది నిజమే” అంది తల్లి. “అది కొట్టెయ్యక్కర్లేదు.”

అంతటితో అన్నీ చక్కబడిపోలేదు. పిట్ట బూట్ల పెట్టెకు తాళం వచ్చింది. తాళం చూసినప్పుడల్లా తల్లికి లోపలేముందో అనే అనిపించేది. చేతులు కట్టుకుని అవతలికి వెళ్ళిపోయేది. స్కూలు మార్కుల కాగితం చేతికిస్తే, ముందు బాగున్న చోట్లు వెతకడం నేర్చుకుంది, అది ఆమెకు ఫ్యాక్టరీ పనికంటే కష్టమైంది. పదిహేడో ఏట పిట్ట చదువుకోవడానికి హాస్టలుకు వెళ్ళింది. ఇప్పుడు ముందు పెద్దమ్మకు ఫోను చేస్తుంది, తర్వాత తల్లికి. ఆ వరుస తల్లికి తెలుసు. వాళ్ళేం మాట్లాడుకుంటారో అడగదు.

ఆదివారాలు ఆమె జిరాక్స్ షాపుకు వెళ్తుంది. అక్క కాపీలు తీస్తుంటే తను పేజీలు వరుసలో పెడుతుంది. పనిలో ఉన్నప్పుడు బాగానే మాట్లాడుకుంటారు. పని ఆగితే ఇద్దరికీ ఇబ్బందే. పుట్టింటి పక్కన ఉండే ముసలావిడ ఇంకా బతికే ఉందని తెలిసి, పుస్తకం బయటపడ్డ రోజు అమ్మ గలీబులు ఉతికే రోజేనా అని తేల్చుకోవడానికి ఆమె ఒకసారి వెళ్ళి ఆరా తీసింది. మీ అమ్మ శుక్రవారం బట్టలు ఉతికేదని ఆవిడంది, కాసేపాగి, కాదు కాదు సోమవారమంది.

ఒక ఆదివారం షాపులో ఎవరూ లేనప్పుడు, మిషను వేడెక్కే దాకా ఆగుతూ, అక్క నేరుగా అడిగింది.

“నేను చెప్పింది నమ్మావా?”

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “తెలీదక్కా. కొన్ని రోజులు నమ్ముతున్నా. కొన్ని రోజులు నమ్మట్లేదు.”

అక్క తల ఊపింది. మిషను పచ్చ దీపం వెలిగింది. “సరే, ఆ తెల్ల కాగితాల కట్ట ఇలా అందుకో” అంది.